అరువు పేర్లు

కోడిని కోసి, ఈకలు పీకి, చల్లటి నీళ్లలో అరగంట నానబెట్టి, గంటసేపు ఉప్పు పట్టించి, మూడుసార్లు కడిగి, ప్యాకెట్‌లో పెట్టాక దాని మీద యజమాని పేరు అతికించేవాళ్లు. ‘ఆరన్స్ బెస్ట్’. శుక్రవారం పొద్దుగూకే ముందు ఎక్కడో న్యూయార్క్‌లో ఒక యూదు ఇల్లాలు ఆ ప్యాకెట్ విప్పేది. ధర్మం చెప్పినట్టే కోశారనీ, నెత్తురు లేకుండా ఉప్పు పట్టించి కడిగారనీ ఆ పేరు ఆమెకు హామీ.

ఆ కోడిని కడిగిన చేతులకు మాత్రం ఆ ఫ్యాక్టరీలో సొంత పేరు లేదు. అమ్మానాన్నలు పెట్టింది ఒక పేరు, హాజరు పట్టీలో ఉన్నది ఇంకో పేరు. జీతం చెక్కు మీద ఉన్నది ఆ రెండో పేరే. చేతులు మొద్దుబారే చలిలో, చెవులు దిమ్మెక్కే మోతలో సూపర్‌వైజరు ఆ పేరుతో కేకేస్తే, అది తననే అని గుర్తు తెచ్చుకుని పలకాలి.

అమెరికాలో అయోవా రాష్ట్రం ఈశాన్య మూలన ఉన్న పోస్ట్‌విల్ అనే చిన్న ఊళ్లో, 2008 మే 12న ఆ అరువు పేర్లన్నీ ఒక్క పూటలో బయటపడ్డాయి. ఫ్యాక్టరీ కూలింది, యజమాని కొడుకు జైలుకెళ్లాడు, ఊరు ఖాళీ అయింది. ఈ కథ చెప్పేవాళ్లు ఎక్కువగా యజమాని పతనం గురించి చెబుతారు, లేకపోతే ఊరి పతనం గురించి చెబుతారు. అందరికన్నా ముందు పడిపోయినవాళ్లు, అందరికన్నా లోతుకు పడిపోయినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

*

మొక్కజొన్న చేలు, పాడి పశువులు, చర్చి గోపురాలు, ఒక్క వీధి బజారు. పోస్ట్‌విల్ అంటే ఇంతే. జర్మనీ నుంచి, నార్వే నుంచి వలస వచ్చిన రైతుల మనవళ్లు, మునిమనవళ్లు ఉండే ఊరు. జనాభా రెండు వేల పైచిలుకు. 1980లలో అయోవా అంతటా రైతులు అప్పుల్లో మునిగి, పొలాలు వేలానికి పోతున్న కాలంలో ఈ ఊరూ బక్కచిక్కింది. ఊరి అంచున హైగ్రేడ్ కంపెనీ వాళ్ల పాత మాంసం ఫ్యాక్టరీ తాళం పడి ఉండేది.

1987లో ఆ తాళం తీసినవాడు ఆరన్ రుబాష్కిన్. సోవియట్ రష్యాలో పుట్టి, బతుకు వెతుక్కుంటూ అమెరికా చేరి, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మాంసం కొట్టు పెట్టుకున్న, లుబావిచ్ అనే సంప్రదాయ శాఖకు చెందిన యూదుడు. అతనూ వలస వచ్చినవాడే. బ్రూక్లిన్‌కు పశువులను తోలుకెళ్లే బదులు, పశువులున్న చోటే యూదుల ఆహార నియమాల ప్రకారం, అంటే కోషర్ పద్ధతిలో కోసి, మాంసాన్ని దేశమంతా పంపాలన్నది అతని ఆలోచన. కంపెనీ పేరు అగ్రిప్రాసెసర్స్. శాస్త్రం తెలిసి కోసే షోహెట్లు, పర్యవేక్షించే మతగురువులైన రబ్బీలు కుటుంబాలతో సహా పోస్ట్‌విల్‌కు దిగారు. నల్లకోటు, గడ్డం, టోపీ ఉన్న మనుషులను మొక్కజొన్న రైతులు మొదటిసారి చూశారు. సర్దుబాట్లు, రాపిడులు చాలానే జరిగాయి. ఫ్యాక్టరీ స్థలాన్ని ఊళ్లో కలపాలా వద్దా అని 1997లో ఓటింగు దాకా వెళ్లి, కలపాలని తేలింది. స్టీఫెన్ బ్లూమ్ అనే పాత్రికేయుడు 2000లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు.

అయినా ఊరు మళ్లీ ఊపిరి పోసుకుంది. మూతపడ్డ దుకాణాలు తెరుచుకున్నాయి, ఖాళీ ఇళ్లకు అద్దెలు వచ్చాయి, బడిలో పిల్లలు నిండారు. ‘ప్రపంచానికి సొంతూరు’ అని పోస్ట్‌విల్ తన గురించి బోర్డు రాసుకుంది. అగ్రిప్రాసెసర్స్ అమెరికాలోకెల్లా పెద్ద కోషర్ మాంసం ఫ్యాక్టరీ అయింది.

అంత పని ఎవరు చేశారు? దీనికి జవాబు పోస్ట్‌విల్‌కన్నా పాతది. 1906లో అప్టన్ సింక్లెయిర్ ‘ది జంగిల్’ నవల అచ్చయ్యేనాటికి షికాగో కబేళాల్లో లిథువేనియా నుంచి వచ్చిన కూలీలు నలిగిపోతున్నారు. తర్వాత యూనియన్లు వచ్చి, మాంసం పనివాడు ఇల్లు కట్టుకోగలిగేంత కూలి సాధించాయి. ఆ కూలి నుంచి తప్పించుకోడానికి కంపెనీలు 1960ల నుంచి పశువులున్న పల్లెలకు, యూనియన్ లేని ఊళ్లకు తరలాయి. షికాగోలోని పేరుమోసిన పశువుల యార్డు 1971లో మూతపడింది. కసాయి ఒక్కడే చేసే పనిని ముక్కలు చేసి, ఒక్కొక్కరికి ఒక్క కోత అప్పగించారు. రోజంతా అదే కోత. పనితనం అక్కర్లేదన్నాక కూలి పడిపోయింది. కూలి పడిపోయాక ఊరివాళ్లు రావడం మానేశారు. ఆ ఖాళీలోకి మొదట రష్యా, ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్లు, తర్వాత మెక్సికో నుంచి, చివరికి గ్వాటెమాలా కొండల నుంచి వచ్చినవాళ్లు చేరారు.

*

గ్వాటెమాలాలో చిమాల్తెనాంగో అనే జిల్లా ఉంది. పోస్ట్‌విల్‌కు వచ్చినవాళ్లలో చాలామంది అక్కడి రెండు పల్లెలవాళ్లు. ఒకటి సాన్ హోసే కాల్దెరాస్, రెండోది ఎల్ రొసారియో. మాయా సంతతి రైతులు, కూలీలు. కొందరికి కక్చికెల్ ఇంటి భాష, స్పానిష్ బయటి భాష, ఇంగ్లీషు అసలు అందని భాష. మొక్కజొన్న, చిక్కుడు పండించుకునే చిన్న చెక్కలు వాళ్ల ఆస్తి. 1976 ఫిబ్రవరిలో వచ్చిన భూకంపం ఆ జిల్లాను నేలమట్టం చేసింది. దేశంలో 1960లో మొదలైన అంతర్యుద్ధం 1996 దాకా 36 ఏళ్లు సాగి రెండు లక్షల మందిని మింగింది. చనిపోయినవాళ్లలో అత్యధికులు మాయా ప్రజలే. నేల కదిలాక, తుపాకులు కదిలాక, ఆ చిన్న చెక్క మీద కుటుంబం నిలబడలేదు.

సరిహద్దు దాటించే దళారిని వాళ్లు ‘కొయోటే’ అంటారు. అతనికి ఇవ్వాల్సిన డబ్బు కోసం ఇల్లో పొలమో తాకట్టు పెట్టాలి. వడ్డీ ఆ రోజు నుంచే నడుస్తుంది. మనకు ఇది కొత్త కాదు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో ఏజెంటుకు కట్టడానికి అప్పు చేసి గల్ఫ్ విమానం ఎక్కిన కొడుకు ఉన్న ఇళ్లు ఎన్నో. అక్కడ కంపెనీ నుంచి బయటపడి, కాగితాలు లేకుండా దొరికిన పని చేసుకునేవాణ్ణి ‘ఖల్లివల్లి’ అయ్యాడంటారు. ఆ మాట వినగానే ఇంటి ఆడవాళ్ల ముఖాలు ఎందుకు మాడిపోతాయో తెలిసినవాళ్లకు కాల్దెరాస్ తల్లుల దిగులు వేరే చెప్పక్కర్లేదు.

అమెరికాలో పని దొరకాలంటే తొమ్మిదంకెల సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలి. అది లేనివాడు కొనుక్కుంటాడు, లేదా ఎవరో నోటికొచ్చిన అంకెలు రాసిస్తారు. ఆ నంబరు నిజంగా ఎవరికైనా ఉందో లేదో అతనికి తెలియదు. చాలామందికి ఆ నంబరు దేనికో కూడా తెలియదని తర్వాత కోర్టులో తేలింది. అయినా ఆ నంబరు మీద ప్రతి చెక్కు నుంచి పింఛను నిధికి డబ్బు కోసుకునేవాళ్లు. మన దగ్గర పీఎఫ్ కోసినట్టే. ముసలితనంలో ఆ డబ్బు అడగడానికి వాళ్లకు హక్కుండదు. అలా పేరు అరువు తెచ్చుకున్నవాడి చెమట లెక్క కూడా అరువు పేరు ఖాతాలోకే పోయింది.

*

ఫ్యాక్టరీ లోపల పొద్దు తెలిసేది కాదు. పది గంటలు, పన్నెండు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ నిలబడే పని. లైను కదులుతూనే ఉంటుంది, దాని వేగం పనివాడి చేతిలో ఉండదు. కత్తి మొండిదైతే మణికట్టు వాస్తుంది, పదునుదైతే వేలు తెగుతుంది. లైను వేగంగా నడిచే రోజున పక్కవాడి కత్తి కూడా ప్రమాదమే. వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. 2008 మార్చిలో అయోవా కార్మిక భద్రతా అధికారులు ఈ ఫ్యాక్టరీలో 39 ఉల్లంఘనలు పట్టుకుని జరిమానా వేశారు.

కార్మికులు పాత్రికేయులకు, చర్చివాళ్లకు చెప్పుకున్న ఫిర్యాదులు ఇంకా ఉన్నాయి. ఓవర్‌టైమ్ డబ్బు ఎగ్గొట్టడం, పని ఇప్పించినందుకు లంచం, నోటి దురుసు, ఆడవాళ్ల మీద వేధింపులు. ‘ఫార్వర్డ్’ అనే యూదు పత్రిక 2006లో ఇవన్నీ రాసింది. ఆ వార్త చదివి, జంతువును శాస్త్రప్రకారం కోస్తే సరిపోదు, కోసే మనిషిని న్యాయంగా చూడకపోతే ఆ మాంసం పవిత్రం ఎలా అవుతుందని మిన్నెసోటాకు చెందిన రబ్బీ మోరిస్ అలెన్ నిలదీశాడు. కోషర్ ముద్రతో పాటు న్యాయం ముద్ర కూడా ఉండాలని ఉద్యమం మొదలుపెట్టాడు. యజమాని మతం నుంచే ఆ ప్రశ్న పుట్టడం ఈ కథలో నాకు కనిపించే కొద్దిపాటి వెలుగుల్లో ఒకటి.

ఫ్యాక్టరీలో యూనియన్ పెట్టించాలని ఆహార కార్మికుల సంఘం ప్రయత్నిస్తూనే ఉంది. బ్రూక్లిన్ గిడ్డంగిలో పనిచేసేవాళ్లు 2005లో యూనియన్‌కు ఓటేస్తే, వాళ్లకు కాగితాలు లేవు కాబట్టి ఆ ఓటు చెల్లదని కంపెనీ కోర్టులకెక్కింది. పని చేయించుకునేటప్పుడు అడగని కాగితాలు హక్కు అడిగినప్పుడు గుర్తుకొచ్చాయి. కాగితాలు లేని కూలీని లొంగదీయడానికి కొరడా అక్కర్లేదు. వెళ్లి ఫిర్యాదు చేస్తే తన పేరు తనే చెప్పుకోవాలి. ఏ పేరు చెప్పాలి? అందుకే వాళ్లు నోరు కట్టేసుకున్నారు. నెలనెలా డబ్బు పంపారు. ఇంకో ఏడాది, ఇంకో రెండేళ్లు అనుకుంటూ కాలం గడిపారు.

*

2008 మే 12, సోమవారం. పొద్దున పది గంటల వేళ పోస్ట్‌విల్ మీద రెండు హెలికాప్టర్లు తిరిగాయి. ఇమ్మిగ్రేషన్ విభాగం వాళ్లు దాదాపు 900 మంది ఫ్యాక్టరీని చుట్టుముట్టారు. ఊరి జనాభా మొత్తం కలిపితే దానికి రెండున్నర రెట్లే. ‘లా మిగ్రా’ అనే కేక లైను పొడవునా పాకింది. ఇమ్మిగ్రేషన్ పోలీసులకు వలస కూలీలు పెట్టుకున్న పేరు అది. కొందరు పరిగెత్తారు, కొందరు సందుల్లో దాక్కున్నారు. చాలామంది చేతి తొడుగులు తీసేసి ఉన్నచోటే నిలబడిపోయారు.

ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది నంబర్లు అనుమానాస్పదంగా ఉన్నాయని చెప్పి, 697 మందిని పట్టుకోడానికి అధికారులు ముందే కాగితాలు సిద్ధం చేసుకొచ్చారు. ఆ షిఫ్టులో దొరికింది 389 మంది. అందులో 290 మంది గ్వాటెమాలావాళ్లు, 93 మంది మెక్సికోవాళ్లు. ఊరి జనాభాతో పోలిస్తే ఆరో వంతు మనుషుల్ని ఒక్క పూటలో బస్సులెక్కించారు.

బస్సులు 120 కిలోమీటర్ల దూరంలోని వాటర్‌లూ అనే పట్నానికి పోయాయి. అక్కడ ఏటా పశువుల ప్రదర్శన జరిగే మైదానం ఉంది. నేషనల్ క్యాటిల్ కాంగ్రెస్ దాని పేరు. అక్కడి షెడ్లలో మడత మంచాలు పరిచారు. ‘ఎలక్ట్రిక్ పార్క్ బాల్‌రూమ్’ అనే నాట్యశాలను కోర్టుగా మార్చారు. ఊరివాళ్లు పండగలకూ పెళ్లిళ్లకూ జంటలుగా ఆడిపాడే చోట, పదేసి మంది చొప్పున కూలీలను వరసగా తెచ్చి నిలబెట్టారు. చేతులకు గొలుసు, నడుముకు గొలుసు, కాళ్లకు గొలుసు. అడుగు సాగక ఈడ్చుకుంటూ నడిచారు.

ఆ హాల్లో అనువాదకుడిగా పనిచేసినవాడు ఎరిక్ కమాయ్ద్ ఫ్రేషాస్. ఫ్లోరిడాలో ప్రొఫెసరు, ఇరవై ఏళ్లకు పైగా కోర్టుల్లో అనువాదం చేసిన మనిషి. అనువాదకుడు చూసింది బయట చెప్పకూడదన్నది ఆ వృత్తిలో కట్టుబాటు. కానీ ఈసారి చూసింది కడుపులో దాచుకోలేకపోయాడు. కేసులు ముగిశాక ఒక వ్యాసం రాసి అందరి ముందూ పెట్టాడు, జూలైలో అమెరికా కాంగ్రెస్ ముందు సాక్ష్యం చెప్పాడు. ఆ పది రోజుల్లో ఆ గోడల మధ్య ఏం జరిగిందో లోకానికి ఎక్కువగా తెలిసింది ఆయన వల్లే.

జరిగింది ఇది. కాగితాలు లేకుండా దొరికినవాళ్లను మామూలుగా దేశం దాటించి వదిలేస్తారు. ఈసారి వాళ్ల మీద క్రిమినల్ కేసు పెట్టారు. వేరే మనిషి గుర్తింపును దొంగిలించారన్నది ఆ అభియోగం. రుజువైతే కనీసం రెండేళ్ల జైలు. ఆ అభియోగాన్ని మెడ మీద కత్తిలా వేలాడదీసి, ఇంకో దారి చూపించారు. దొంగ నంబరు వాడినట్టు నేరం ఒప్పుకుంటే 5 నెలల జైలు, తర్వాత సొంత దేశానికి పంపిస్తారు. ఒప్పుకోకపోతే విచారణ కోసం ఆరు నుంచి ఎనిమిది నెలలు బెయిలు లేకుండా జైల్లోనే ఎదురుచూడాలి. నిర్దోషి అని గెలిచినా చివరికి దేశం దాటించక మానరు. ఏ దారిలో వెళ్లినా జైలే. తొందరగా ఇంటికి చేరే దారి మాత్రం ఒక్కటే, అది నేరం ఒప్పుకోవడం. ఆలోచించుకోడానికి ఏడు రోజులిచ్చారు. ఒక్కో లాయరుకు సగటున 17 మంది.

ఫ్రేషాస్ రాసినవాటిలో ఒక మనిషి నన్ను వదలడు. గ్వాటెమాలా రైతు, చదువు రాదు. నది దాటేదాకా నెలా పది రోజులు నడిచే వచ్చాడు. ఒకటి రెండేళ్లు పని చేసి, కొంత కూడబెట్టుకుని వెనక్కి వెళ్లిపోదామనుకున్నాడు. అతని మీద పెట్టిన కేసు ఏమిటో లాయరు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు. ఇంటి దగ్గర పిల్లలు తన సంపాదన మీదే ఉన్నారు. త్వరగా పంపించేయండి, అంతే. ఏ గుర్తింపు దొంగతనం, ఎవరి గుర్తింపు? ఆ నంబరు ఒక మనిషిదని అతనికి ఎవరూ చెప్పలేదు.

నేరం ఒప్పుకునే ముందు ప్రమాణం చేయించి పేరు అడుగుతారు. అసలు పేరు. అమెరికాలో అన్నాళ్లున్నా ఆ దేశపు అధికారుల ముందు సొంత పేరు నోరారా చెప్పిన సందర్భం చాలామందికి అదే మొదటిది. కాళ్లకు గొలుసులతో, నేరస్తుడిగా. పోస్ట్‌విల్ గురించి చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేసేది ఇక్కడే.

దాదాపు 270 మందికి 5 నెలల జైలు పడింది. దొరికిన రోజు నుంచి పది రోజుల్లో కేసులన్నీ ముగించేశారు.

*

ఆ మధ్యాహ్నం పోస్ట్‌విల్‌లో బడి వదిలేటప్పటికి కొందరు పిల్లల కోసం ఎవరూ రాలేదు. టీచర్లు ఒక్కొక్కరి ఇంటికీ ఫోన్లు చేశారు. మర్నాడు తరగతుల్లో బెంచీలు ఖాళీ. లాటిన్ అమెరికా మూలాలున్న, అంటే లాటినో కుటుంబాల పిల్లలు దాదాపుగా రానేలేదు.

దొరకనివాళ్లు, భయపడ్డవాళ్లు, దొరికినవాళ్ల భార్యాబిడ్డలు కలిసి 400 మంది దాకా సెయింట్ బ్రిడ్జెట్స్ చర్చిలో తలదాచుకున్నారు. ప్రార్థన చేసుకునే బల్లల మీదే పడుకున్నారు. అక్కడ పని చూసే సిస్టర్ మేరీ మెకాలే తలుపులు మూయలేదు. పక్క ఊళ్ల నుంచి బియ్యం, చిక్కుడు గింజలు, పసిపిల్లల డైపర్లు మోసుకొచ్చారు. రిటైరైన ఫాదర్ పాల్ ఊడర్‌కర్క్ వెనక్కొచ్చి వాళ్ల పక్కన నిలబడ్డాడు. జూలైలో దేశం నలుమూలల నుంచి వెయ్యి మందికి పైగా వచ్చి ఊరేగింపు తీశారు. కాథలిక్కులు, లూథరన్లు, యూదు రబ్బీలు ఆ వీధుల్లో కలిసి నడిచారు.

చిన్నపిల్లలున్న తల్లులు నలభై మందికి పైగా ఉన్నారు. వాళ్లను జైలుకు పంపకుండా ఇంటికే వదిలారు, చీలమండకు ఒక పట్టీ బిగించి. ఎక్కడున్నారో ఎప్పటికప్పుడు అధికారులకు చెప్పే నల్లటి యంత్రం ఆ పట్టీకి ఉంటుంది. రాత్రి పడుకున్నా, స్నానం చేసినా అది కాలికే. రోజూ దానికి కరెంటు పెట్టాలి. ప్లగ్గుకు దగ్గరగా కుర్చీ లాక్కుని, తీగ కాలికి తగిలించుకుని, అది నిండేదాకా అక్కడే కూర్చోవాలి. పొయ్యి మీద ఏదైనా మాడినా, పసిబిడ్డ పక్కగదిలో ఏడ్చినా తీగ ఉన్నంత దూరమే కదలాలి. పని చేసుకోడానికి అనుమతి లేదు, చెప్పకుండా ఎక్కడికీ పోకూడదు. నెలలు గడిచినా ఆ పట్టీలు కాళ్లకే ఉన్నాయి. తిండి చర్చి పెట్టింది, అద్దె చర్చి కట్టింది.

తల్లుల దిగులు పొట్టలోని బిడ్డలకు కూడా పాకింది. ఆ దాడి తర్వాత 37 వారాల్లో అయోవాలో పుట్టిన పిల్లల బరువులను మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు తర్వాత పరిశీలించారు. 2017లో వాళ్ల అధ్యయనం వెలువడింది. లాటినా తల్లులకు పుట్టిన బిడ్డలు తక్కువ బరువుతో ఉండే ప్రమాదం అంతకుముందు ఏడాదితో పోలిస్తే 24 శాతం పెరిగింది. అమెరికాలోనే పుట్టి, పౌరసత్వం ఉన్న తల్లులకు కూడా. తెల్లజాతి తల్లుల బిడ్డల్లో ఆ మార్పు లేదు. ఎక్కడో ఒక ఫ్యాక్టరీ మీద తిరిగిన హెలికాప్టర్ నీడ రాష్ట్రమంతా గర్భిణుల మీద పడింది.

*

తర్వాత ఫ్యాక్టరీ కుప్పకూలింది. మనుషులు లేక లైన్లు ఆగిపోయాయి. కంపెనీ ఎక్కడెక్కడి నుంచో కూలీలను తెప్పించింది. సోమాలియా శరణార్థులు వచ్చారు, టెక్సస్‌లో ఇల్లూవాకిలీ లేనివాళ్లు వచ్చారు, పసిఫిక్ సముద్రంలోని పలావు దీవుల నుంచి విమానాలెక్కి మరికొందరు వచ్చారు. వచ్చినవాళ్లు కూడా మోసపోయామని ఏడ్చారు. సెప్టెంబరులో అయోవా ప్రభుత్వం బాలకార్మికుల చట్టం కింద 9,311 అభియోగాలు మోపింది. పద్దెనిమిదేళ్లు నిండని 32 మంది, అందులో పదహారేళ్లు కూడా లేనివాళ్లు ఏడుగురు, అక్కడ పనిచేశారని ఆరోపణ. యజమాని మీద ఆ కేసు తర్వాత కొట్టేశారు. ఫ్యాక్టరీ నడిపిన ఆయన కొడుకు షోలమ్ రుబాష్కిన్ మీద మిగిలిన 67 అభియోగాలు 2010లో విచారించి, జ్యూరీ నిర్దోషి అని తేల్చింది. ఆ విచారణ కూడా వాటర్‌లూలోనే.

షోలమ్‌ను ముంచింది బ్యాంకు మోసం కేసు. 2008 అక్టోబరు ఆఖరులో అరెస్టయ్యాడు, నవంబరు మొదట్లో కంపెనీ దివాలా దాఖలు చేసింది, కొద్దిరోజులకే గేట్లు మూతపడ్డాయి. మరుసటి ఏడాది 86 అభియోగాల్లో నేరం రుజువైంది. 2010లో 27 ఏళ్ల శిక్ష వేశారు. అది మరీ ఎక్కువని రెండు పార్టీల నాయకులూ, మాజీ న్యాయాధికారులూ అన్నారు. ఎనిమిదేళ్లు గడిచాక, 2017 డిసెంబరులో అధ్యక్షుడు ట్రంప్ మిగిలిన శిక్ష తగ్గించి వదిలేశాడు. అతనికోసం గొంతెత్తినవాళ్లను నేను తప్పుపట్టను. శిక్ష నేరానికి మించకూడదన్నది మంచి మాటే. ఆ మాట బాల్‌రూమ్‌లో పది మంది చొప్పున నిలబడినవాళ్ల పక్షాన కూడా అంతమంది, అంత గట్టిగా అని ఉంటే బాగుండేదన్నదే నా బాధ.

ఊరు కూడా కూలింది. అద్దెలు రాలేదు, కరెంటు బిల్లులు ఎవరూ కట్టలేదు, గ్వాటెమాలా రొట్టెల దుకాణాల ముందు దుమ్ము పేరుకుంది. తుపాను వచ్చినప్పుడు సాయం అడిగినట్టు, మమ్మల్ని విపత్తు ప్రాంతంగా చూడండని ఊరి కౌన్సిల్ వేడుకుంది.

కాల్దెరాస్‌లో, ఎల్ రొసారియోలో నెలనెలా వచ్చే డబ్బు ఒక్క నెలలో ఆగిపోయింది. పోయినవాళ్లు వట్టి చేతులతో తిరిగొచ్చారు. కొయోటే కోసం తెచ్చిన అప్పు అలాగే ఉంది, వడ్డీతో కలిపి. తాకట్టు పెట్టిన పొలం విడిపించుకోలేనివాళ్లు ఉన్నారు. గ్వాటెమాలాకు చెందిన దర్శకుడు లూయీస్ ఆర్గెటా ఆ పల్లెలకు వెళ్లి, వాళ్ల ఎదుట కూర్చుని, డాక్యుమెంటరీ తీశాడు.

*

దాడికి ఏడాది నిండడానికి ఎనిమిది రోజుల ముందు, 2009 మే 4న, అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పోస్ట్‌విల్ కేసు కాదది, ఇలినాయ్‌లో ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక మెక్సికో కూలీ కేసు. తను వాడిన నంబరు నిజంగా ఇంకో మనిషిదని నిందితుడికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలి, అలా చేయలేకపోతే ఆ గుర్తింపు దొంగతనం అభియోగం నిలవదని న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. వాటర్‌లూలో కూలీల మెడ మీద వేలాడదీసిన కత్తి అదే. ఆ కత్తికి పదును లేదని దేశపు అత్యున్నత కోర్టు తేల్చేనాటికి వాళ్లు 5 నెలల జైలూ గడిపి, దేశం దాటి, మొక్కజొన్న చేలల్లో కూలికి వెళ్తున్నారు. ఆ తీర్పు పట్టుకుని వాళ్ల తలుపు తట్టినవాళ్లు లేరు. ఆ 5 నెలలు తిరిగి ఇచ్చే కోర్టు ఎక్కడా లేదు.

ఆరన్ రుబాష్కిన్ 2020 ఏప్రిల్‌లో కోవిడ్‌తో బ్రూక్లిన్‌లో కన్నుమూశాడు. వయసు 92. అదే నెలలో, బాల్‌రూమ్ ఉన్న ఆ వాటర్‌లూలోనే, ఒక పెద్ద మాంసం ఫ్యాక్టరీలో కోవిడ్ వెయ్యి మందికి పైగా కార్మికులకు అంటుకుంది. అక్కడి లైన్లలో కూడా భుజం భుజం ఆనించి నిలబడేది ఎక్కువగా దూరదేశాల నుంచి వచ్చినవాళ్లే. దేశానికి మాంసం కావాలి కాబట్టి లైను ఆగకూడదన్నారు.

పోస్ట్‌విల్ ఫ్యాక్టరీని 2009లో కెనడా వ్యాపారి ఒకరు కొన్నాడు. ఇప్పుడది అగ్రి స్టార్. కొత్త యజమాని, కొత్త కూలీలు. ప్యాకెట్ మీద మాత్రం ‘ఆరన్స్ బెస్ట్’ అనే పేరు కొనసాగింది. దివాలా వచ్చినా, కొడుకు జైలుకెళ్లినా, ఆ పేరు నిలిచింది.

ఆ కోళ్లను కడిగినవాళ్ల పేర్లు నిలిచిన చోటు కోర్టు రికార్డు. అక్కడ సొంత పేరు ముందు, అరువు పేరు వెనక, మధ్యలో నేరం. వాళ్లలో ఏ ఒక్కరి పేరూ నేను ఇక్కడ రాయలేదు. ఆ పేర్లను ఒకసారి పట్టీల్లో రాసి, పదేసిగా విడగొట్టి, గొలుసులు వేసి పిలిచారు. ఇంకోసారి అచ్చులో పిలవడానికి నాకు మనసొప్పలేదు.

2008 అక్టోబరు నాటికి జైలు గడువు ముగిసి, వాళ్లను ఎక్కించిన విమానాలు గ్వాటెమాలాలో దిగాయి. చేతిలో డబ్బు లేదు, అప్పు పెరిగి ఉంది, చేను పరాయివాడి దగ్గర ఉంది. కొండ ఎక్కి, ఊరి మొదట్లో నీళ్ల పంపు దాటి ఇంటి గుమ్మం ముందుకు వచ్చిన కొడుకును చూసి ముసలి తల్లి పిలిచి ఉంటుంది కదా. అన్నేళ్లుగా పరాయి పేరుకు పలికి పలికి అలసిన మనిషి. ఆమె పిలిచిన పేరు అతనిదే.